మంచు చెప్పిన సాక్ష్యం

తెల్లనిది ఏదని అడిగితే పాలు, మల్లెపూవు, మంచు అంటాము. పాలలో నీళ్లు కలిస్తే ఇల్లాలు ఇట్టే కనిపెడుతుంది. మంచులో ఏం కలిసిందో కనిపెట్టేదెవరు? అసలు దానితో మనకేం పని? అంటే, పని వున్నది. గాలిలో కలిసిన విషాలను గురించి మంచు చెప్పినంత నమ్మకంగా సాక్ష్యం చెప్పగలిగేవి అరుదు.

మంచు కురిసేటప్పుడు గాలిలోని మసినీ, ధూళినీ, ఆమ్లాలనూ పట్టుకొని మరీ దిగుతుంది. వానా ఆ పనే చేస్తుంది గాని, వెంటనే కాలువలై పారిపోతుంది. చలిదేశాలలో మంచు అలా కాదు. నెలల తరబడి నేలమీదనే పరుచుకొని వుంటుంది. చలికాలమంతా రాలిన మసి అందులోనే దాగి వుంటుంది. అందుకని రష్యావంటి దేశాలలో, ఎండలు ముదిరి కరగకముందే, మంచును పైనుంచి నేలదాకా నిలువునా తీసి, కరిగించి, వడగట్టి పరీక్షిస్తారు. వడపోత కాగితం మీద మసి ఎంత నిలిచింది, నీటిలో గంధకమెంత, సీసమెంత, నికెలెంత అని లెక్క కడతారు. ఆ పాళ్లను బట్టి అది బొగ్గుపొగో, లోహాలు కరిగించే కొలిమి పొగో ఊహించవచ్చు.

ఈ సంగతి మరీ కొత్తదీ కాదు. 1881లోనే నార్వేలో మురికి మంచు కురిస్తే, ఆ మసి సముద్రం దాటి బ్రిటన్ పారిశ్రామిక నగరాలనుంచి వచ్చి వుంటుందని బ్రోగర్ అనే శాస్త్రజ్ఞుడు వ్రాశాడు.

గ్రీన్‌లాండులో సీసం

అన్నిటికంటె వింతైన సాక్ష్యం గ్రీన్‌లాండుది. అక్కడ ఒక ఊరికీ మరొక ఊరికీ మధ్య మోటారు రోడ్లు దాదాపు లేవనే చెప్పాలి. లోపలి భాగంలో ఏ యేటి మంచు ఆ యేటి మంచుపై పడి, కరగకుండా పొరలు పొరలుగా గట్టిపడుతుంది. ఒక్కొక్క పొర ఒక్కొక్క సంవత్సరపు దినచర్య అన్నమాట.

1956లో భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని తేల్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు క్లెయిర్ పాటర్సన్ ఈ పొరల్లో సీసాన్ని వెదికాడు. చేతికంటిన మురికి, పనిముట్టుకున్న మరక చాలు, లెక్క తప్పిపోవడానికి! అందుకని ఆమ్లంతో కడిగిన పనిముట్లనే వాడి మంచుగడ్డలు తీయించాడు.

1969లో ఫలితం వెలువడింది. క్రీస్తుకు పూర్వం 800 ప్రాంతపు మంచులో, టన్నుకు గ్రాములో పది లక్షలవ వంతు సీసమైనా లేదు. 1965 నాటికి అది 200 రెట్లు మించిపోయింది! అందులోనూ 1940 తర్వాతనే మరీ విపరీతంగా పెరిగింది.

కారణం? ఇంజను చప్పుడు చేయకుండా సాఫీగా నడవాలని 1920ల నుంచి పెట్రోలులో సీసపు రసాయనం కలుపుతూ వచ్చారు. మోటారు పొగతో సీసమూ బయటపడి, గాలితో ధ్రువప్రాంతం దాకా పోయింది. మంచుదాకా పోయినది, వీధిలో ఆడుకునే పిల్లల ఊపిరితిత్తులలోకి పోకుండా వుంటుందా? సీసం కొద్దిపాటిదైనా పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది.

పాటర్సన్ మాటలు సీసం వ్యాపారులకు రుచించలేదు. కాని మంచును బెదిరించడం ఎవరి తరం? 1970ల నుంచి అమెరికాలో పెట్రోలులో సీసాన్ని తగ్గించుకుంటూ వచ్చి, 1996లో రోడ్డు వాహనాలకు పూర్తిగా నిషేధించారు. మన దేశంలో 2000లో సీసంలేని పెట్రోలు దేశమంతటా వచ్చింది. చిట్టచివరగా 2021లో అల్జీరియా కూడా మానివేసింది.

మానితే ఫలమేమిటని అడిగేవారికీ మంచే జవాబు చెప్పింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూట్రాన్, ఆయన సహచరులు 1991లో ప్రకటించినదాని ప్రకారం, గ్రీన్‌లాండు మంచులో సీసం అప్పటికి ఇరవై యేళ్లలో ఏడున్నర వంతులలో ఒక వంతుకు దిగిపోయింది. మనిషి చేసిన తప్పూ, దిద్దుకున్న తప్పూ రెండూ అక్కడ నమోదయినాయి.

ఇప్పుడు మన హిమాలయాల మంచులోనూ మసి కనబడుతున్నది. డీజిలు బండ్ల పొగ, పొయ్యిల పొగ, ఇటుక బట్టీల పొగ అంత ఎత్తుకూ చేరుతున్నాయి. నల్లని బట్ట ఎండకు త్వరగా వేడెక్కినట్టే, మసి పడిన మంచూ త్వరగా కరుగుతుంది. గంగ, సింధు, బ్రహ్మపుత్రలకు నీరందించే మంచు అది. సీసం విషయంలో మంచు మాట విన్నాము, మేలు జరిగింది. మసి విషయంలోనూ అది చెబుతూనే వున్నది.