విశ్రాంతి నిధి కొన్న యిల్లు: పాలన నియమములు

1944లో పూర్తియైన పూండి జలాశయమునకై తిరువెణ్పాక్కము మునుగగా, అచటి ఊన్రీశ్వరుని ఆలయము పూండిలో మరల కట్టబడినది. చోటు మారినను దేవుని సొత్తు దేవునిదే. ధర్మకర్త దానిని పాలించునే గాని అనుభవింపరాదు. కమీషనరు అనుమతి లేక ఆలయభూమిని అమ్మినను, అయిదేండ్లకు మించి కౌలుకిచ్చినను చెల్లదని 1959 నాటి ధర్మాదాయ చట్టము 34వ సెక్షను చెప్పుచున్నది.

ఈ సంగతి యెరిగినవారికి, అమెరికాలో నున్న మన బిడ్డలు చెప్పు ఐ.ఆర్.ఏ. అను విశ్రాంతి నిధి స్వభావము సులభముగా బోధపడును. 1974 నాటి చట్టముతో ఏర్పడిన ఈ నిధిలో, పెట్టుబడిని ఖాతాదారుడే నిర్ణయించు తరగతియందు ఇండ్లు, స్థలములు కూడ కొనవచ్చును. అయితే దస్తావేజు అతని పేర నుండదు. ఖాతాను భద్రపరచు సంస్థ పేర, ఆ ఖాతా నిమిత్తమని యుండును.

అద్దె యంతయు ఖాతాకే చేరవలెను. పన్ను, బీమా, మరమ్మతు ఖర్చులు ఖాతానుండియే పోవలెను. కప్పు కారుచున్నదని ఖాతాదారుడు తన జేబులోని సొమ్ము పెట్టరాదు. తానే నిచ్చెన యెక్కి బాగుచేయుటయు ప్రమాదకరమే. 2025లో ఏబదియేండ్లు నిండనివారు ఖాతాలో జమకట్టదగినది 7,000 డాలర్లు మాత్రమే. కావున ఉన్నదంతయు ఇంటిపై పెట్టినవాడు మొదటి పెద్ద మరమ్మతుకే చిక్కుపడును. నా మట్టుకు, నియమములన్నింటిలో కఠినమైనది ఇదియే.

ఖాతాదారుడు, అతని భార్య, తల్లిదండ్రులు, తాతలు, బిడ్డలు, మనుమలు, కోడండ్రు, అల్లుండ్రు ఆ యింట కాపురముండరాదు. పూర్తి అద్దె యిచ్చినను సరియే. వారితో క్రయవిక్రయములును కూడవు. తోబుట్టువులు మాత్రము ఈ పట్టికలో లేరు! తల్లి ఒక రాత్రి తలదాచుకొనరాని యింట తమ్ముడు అద్దెకుండవచ్చును. ఉమ్మడి కుటుంబమున పెరిగిన మనకిది వింతయే.

ఖాతాదారుడు తప్పినచో ఆ యేటి మొదటి దినముననే ఖాతా ముగిసినట్లెంచి, మొత్తము విలువను ఆదాయముగా లెక్కింతురు. వయస్సు 59½ నిండనివారికి సాధారణముగా నూటికి పది అదనపు పన్ను. అప్పు తెచ్చి కొన్నచో ఖాతాదారుడు స్వంత హామీ వ్రాయరాదు. ఋణదాతకు ఆ యింటిపైననే హక్కుండవలెను. అట్టి హామీవలన ఖాతాల ప్రతిపత్తి పోయినదని అచటి పన్నుల న్యాయస్థానము 2013లో తీర్పుచెప్పినది.

మరి ఆ నిధితో పూండిలో నాన్నగారి మడి కొనవచ్చునా? ప్రవాస భారతీయులు వ్యవసాయభూమిని కొనుటకు మన 2019 నాటి విదేశ మారక నియమములు సాధారణముగా ఒప్పవు. తండ్రినుండి ఖాతా కొనుటకు అమెరికా చట్టమును ఒప్పదు. ఆ మడి బిడ్డకు వారసత్వముగా చేరుటకు మాత్రము అడ్డులేదు.