సిద్ధాంతవ్యాసరచన: పరిశోధకవిద్యార్థులకు జేయదగిన సాహాయ్యము

ఒక విషయమును దెలిసికొనుట వేఱు. తెలిసినదానిని పరులు పరీక్షించి చూచుటకు వీలగునట్లు వ్రాయుట వేఱు. మొదటిదానికి గళాశాలలును గ్రంథాలయములును గలవు. రెండవదానిని నేర్పుభారము మాత్ర మెవ్వరిదియు గాక నడుమ నిలిచిపోవుచున్నది. పరిశోధనపట్టమునకు సిద్ధాంతవ్యాసమే మూలమై యుండగా, ఆ వ్యాసమును వ్రాయువిధమును విద్యార్థి తనంతట దానే కనుగొనవలెననుట న్యాయము గాదు.

కృష్ణాతీరమునకు విశ్వవిద్యాలయముతోడి సంబంధము 1926 నాటిది. ఆ సంవత్సరమున నాంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో స్థాపితమయ్యెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి మొదటి వైస్ ఛాన్సలరు. 1930లో బ్రధానస్థానము వాల్తేరునకు మాఱుటచే నీ మండలపు విద్యార్థు లున్నతవిద్యకై దూరము పోవలసివచ్చెను. 1967లో గుంటూరున నాంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తరకేంద్రమును, 1976లో విజయవాడ గుంటూరుల నడుమ నాగార్జున విశ్వవిద్యాలయమును, 2008లో మచిలీపట్టణమున గృష్ణా విశ్వవిద్యాలయమును నెలకొనుటతో నా దూరము తఱిగినది. దివిసీమనుండియు, గుడివాడ ప్రాంతమునుండియు, తమ యింట మొట్టమొదట కళాశాల మెట్లెక్కినవారు సయితము పరిశోధనకు బూనుకొన గలుగుచున్నారు. వీరికి బుస్తకములు దొరకుట యొక్కటియే చాలదు. గ్రంథాలయోద్యమమునకు బుట్టినిల్లయిన విజయవాడలో, 1911లో రామమోహన గ్రంథాలయమును స్థాపించి, 1914లో బ్రథమాంధ్రదేశ గ్రంథాలయసభను నడపిన పెద్దలు చదువరికి బుస్తకమును జేర్చు కార్యమును సాధించిరి. చదివినవానిని వ్రాయువానిగా జేయుట తరువాతి మెట్టు.

విద్యార్థుల తొలిప్రతులలో సామాన్యముగా మూడు దోషములు గనబడును. ప్రశ్న లేక సమాచారమును గుప్పగా బోయుట మొదటిది. ఇతరుల వాక్యములను దమ వాక్యములతో గలిపివేయుట రెండవది. ఆధారము మోయగలిగినదానికంటె బరువైన నిర్ణయమును జేయుట మూడవది. ఇవి సోమరితనమువలన గలిగినవని తలచుట పొరపాటు. అక్షరాభ్యాసము మొదలు ఎం. ఏ. పరీక్షవఱకు విద్యార్థి నేర్చినది చెప్పినదానిని జెప్పినట్లు తిరిగి యొప్పగించుట. పాఠమును బొల్లుపోకుండ వ్రాసినందులకే వానికి గుణములు వచ్చినవి. పరిశోధనలో బ్రవేశించిన నాడే యా గుణము దోషమగుచున్నది. ఈ మార్పును వానికి విప్పి చెప్పుటయే మొదటి సాహాయ్యము.

ఇందులకు గొత్తశాస్త్రమును వెదకబనిలేదు. మీమాంసకు లధికరణమునకు జెప్పిన యయిదంగములు పండితులకు దెలిసినవే: విషయము, విశయము, పూర్వపక్షము, ఉత్తరము, నిర్ణయము. విషయమనగా విచారింపదగిన వస్తువు. విశయమనగా సంశయము, ఇది లేనియెడల విచారణయే లేదు. పూర్వపక్షమును దక్కువచేయక దాని బలమంతయు జూపి, పిమ్మట నుత్తరము జెప్పి, నిర్ణయమునకు రావలెను. తొలిప్రతిలో సాధారణముగా లోపించునది రెండవ యంగము. విద్యార్థికి విషయముండును, విశయ ముండదు.

ఒక యుదాహరణము. విజయవాడ మల్లేశ్వరస్వామి యాలయమునందలి యుద్ధమల్లుని శాసనము మధ్యాక్కర పద్యములలో నున్నది. దీనిని జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా పదునైదవ సంపుటమున బ్రకటించిరి. ‘యుద్ధమల్లుని శాసనము’ అని పేరుపెట్టి, చాళుక్యుల చరిత్రయు, ఛందోలక్షణమును, ఆలయవర్ణనమును వరుసగా వ్రాసినచో నది విషయసంగ్రహమే. శాసనకర్త మొదటి యుద్ధమల్లుడా, రెండవ యుద్ధమల్లుడా యని ప్రశ్నించినపు డది విచారణ యగును. అప్పుడు లిపిరూపమొక సాక్ష్యము, వంశక్రమ మొక సాక్ష్యము, భాషారూపములు మఱియొక సాక్ష్యము. ఏ సాక్ష్య మెంతవఱకు బోవునో విడివిడిగా దూచవలసి వచ్చును. శాసనములో నున్నమాట యేది, దానిని బరిష్కరించినవారి యూహ యేది, తరువాతివారి మత మేది, తాను గ్రొత్తగా జెప్పున దేది యని నాలుగింటిని వేఱుపఱచిన విద్యార్థికి వ్యాసరచన సగము వచ్చినట్లే. ‘నన్నయకు బూర్వమే తెలుగుపద్య మున్నది’ అని చెప్పుట కీ శాసనము చాలును. ‘నన్నయకు బూర్వము మహాకావ్యములుండెను’ అని చెప్పుటకు జాలదు. ఈ భేదమును జూపినచో మూడవదోషము దానంతట దొలగును.

సాహాయ్యము చేయు పద్ధతి యెట్టిది? వ్యాసమంతయు బూర్తియైనపిదప దిద్దుటకంటె, మొదటి సంవత్సరమునందే రెండుమూడు పుటల చిన్నభాగములను వ్రాయించి చూచుట మేలు. పర్యవేక్షకుడు వాక్యమును గొట్టివేసి తనవాక్యమును వ్రాయుటకు మాఱుగా, అంచున ‘ఇందుల కాధార మేది?’ ‘ఈమాట యెవరిది?’ ‘ఇది పైవాక్యమునకు హేతువా, ఫలమా?’ అని ప్రశ్నలు వ్రాయవలెను. నలుగురు విద్యార్థులు గూడి యొకరి ప్రతి నొకరు బిగ్గఱగా జదివి వినిపించుకొనినచో, అన్వయము కుదురనిచోట నాలుకయే తడబడి దోషమును బట్టియిచ్చును. వెనుకటివా రేమి వ్రాసిరో చూచుటకు శోధగంగ యను జాతీయభాండారము నేడు గలదు. దేశమందలి విశ్వవిద్యాలయముల సిద్ధాంతవ్యాసములందు బెక్కు లంతర్జాలమున నందఱకు నుచితముగా లభించుచున్నవి. వానిని నకలు చేయుటకు గాక, విభాగక్రమమును బరిశీలించుటకు జదివింపవలెను.

ఈ సాహాయ్యమున కొక హద్దు గలదు. దిద్దినచేయి వ్రాసినచేయి గారాదు. కరుణచే బర్యవేక్షకుడు పుటలకు బుటలు తానే తిరుగవ్రాసినను, ధనమిచ్చి విద్యార్థి మఱియొకనిచే వ్రాయించుకొనినను, ఫల మొక్కటే: మౌఖికపరీక్షలో దనదని చెప్పుకొనిన వ్యాసమునే తాను సమర్థింపలేడు. అంతకు మించిన కీడు మఱియొకటి గలదు. అట్టివాడు రేపు గురువై, తాను నేర్వనిదానిని దనశిష్యులకు నేర్పవలసియుండును.

అమెరికా దేశమున బర్‌డ్యూ విశ్వవిద్యాలయము 1976లో నిందులకై ప్రత్యేకముగా రచనాశాలను స్థాపించినది. అట్టి కేంద్రముల లక్ష్యమును గూర్చి 1984లో స్టీఫెన్ నార్త్ అను నాచార్యుడు విచారించి, బాగుపడవలసినది చేతనున్న ప్రతిగాదు, దానిని వ్రాయువాడని తేల్చెను. మన గురుకులమర్యాదయు నిదియే.

భారతదేశమున విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2018లో గ్రంథచౌర్యమును గూర్చి నిబంధనలు చేసినది. ఇతరగ్రంథములతోడి పోలిక నూటికి పదివఱకు నున్నచో శిక్షలేదు. అఱువది మించినచో విద్యార్థి నమోదు రద్దగును. పరిశోధన ప్రచురణ నీతులపై ముప్పదిగంటల పాఠక్రమమును 2019లో నిర్ణయించి పరిశోధకవిద్యార్థులకు విధించిరి. 2022 నాటి నిబంధనలలో విద్యార్థికి బోధనమునందేగాక రచనయందును శిక్షణము చెప్పబడినది. అయినను యంత్రము మాటలపోలికను లెక్కింపగలదు గాని, మాటలు మార్చి భావమును హరించినవానిని దప్పక పట్టజాలదు. ఆ పని తెలిసినపాఠకునిదే. శిక్షాభయముచే మాటలు మార్చుట నేర్చినవానికంటె, ఋణమును జెప్పుకొనుట గౌరవమని నేర్చినవాడు మేలు.

ఇక భాష. ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున విద్యార్థుల వ్యాసరచన గ్రాంథికమున నుండవలెనా, వ్యావహారికమున నుండవలెనా యని గొప్పవాదము నడచెను. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమును, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికపక్షమును బూనిరి. నేడు తెలుగు సిద్ధాంతవ్యాసములు ప్రాయికముగా శిష్టవ్యావహారికముననే వెలువడుచున్నవి. అయినను స్పష్టత భాషాభేదముచే దనంతట రాదు. కర్త యెవరో తెలియని వాక్యము రెండిటను దుష్టమే. ఆంగ్లవాక్యమును మనసులో నిడుకొని తెలుగుమాటలు పేర్చినచో నా దోషము మఱింత పెరుగును.

విశ్వవిద్యాలయమున నారంభించిన శిక్షణ మాలస్యముగా నారంభించినదే. పాఠశాలలో దెలుగుపండితుడు పిల్లవానిచే వ్యాసము వ్రాయించునపుడు, ‘ఇది నీకెట్లు తెలిసినది?’ అని యొక్కప్రశ్న యడిగి, వాని బదులును గూడ వ్రాయింపుమనినచో, పదునైదేండ్ల పిమ్మట బర్యవేక్షకుని పని సగము తీఱును.