చీటీ తీసి ఇచ్చే సైన్సు సీటు

అమెరికాలో కొన్ని సైన్సు బడులు ప్రవేశపరీక్ష పెట్టవు, మార్కులు అడగవు, ఫీజు తీసుకోవు. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తాయి. అలాంటివి ఇంకా రావాలనడానికి గట్టి కారణాలున్నాయి. వద్దనేవాళ్ల వాదనా తీసిపారేసేది కాదు.

సైన్సు బడి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ప్రవేశపరీక్ష. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ర్యాంకుల వారీగా సెక్షన్లు, బడి గోడ మీద టాపర్ల ఫ్లెక్సీలు. సైన్సు కొందరికే అబ్బుతుందని, ఆ కొందరెవరో ఓ ఆదివారం పొద్దున పెట్టే పరీక్ష తేల్చేస్తుందని గట్టిగా నమ్ముతాం. అడిగిన పిల్లలందరి పేర్లూ కలిపి చీటీ తీసి సీటిచ్చే సైన్సు బడి ఉందంటే, అదేం బడండీ అంటాం.

అమెరికాలోనూ పేరుమోసిన సైన్సు బడులు పరీక్షనే నమ్ముకున్నాయి. న్యూయార్క్‌లో 1938లో మొదలైన బ్రాంక్స్ సైన్స్ హైస్కూల్లో చదువుకున్నవాళ్లలో ఏడుగురికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒక్క బడి నుంచి ఏడుగురు! ఇక పరీక్షను తప్పుపట్టేదెవరు? కానీ అదే నగరంలో అదే పరీక్షతో సీట్లిచ్చే స్టైవెసాంట్ సంగతి చూడండి. 2019లో 895 మందికి సీట్లు ఇస్తే వారిలో నల్లజాతి పిల్లలు ఏడుగురే. నగరంలోని ప్రభుత్వ బడి పిల్లల్లో నల్లజాతి, లాటినో పిల్లలు కలిపి దాదాపు మూడింట రెండు వంతులు.

వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ హైస్కూల్ పేరు అక్కడి తెలుగువాళ్లకు కొత్త కాదు. 'టీజే' అంటే చాలు. దానికి కోచింగులున్నాయి, ఆ కోచింగుల్లో మన పిల్లలూ ఉన్నారు. 2020 చివర్లో అక్కడి విద్యాబోర్డు ప్రవేశపరీక్షను ఎత్తేసి, ప్రతి మిడిల్ స్కూలుకూ కొన్ని సీట్లు కేటాయించింది. కొత్త పద్ధతిలో చేరిన తొలి బ్యాచ్‌లో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు తగ్గింది. భారతీయ తల్లిదండ్రులు కూడా ఉన్న ఒక సంఘం కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో కొత్త పద్ధతే నిలిచింది. ఉన్న సీట్లు ఎవరికన్న కొట్లాటలో అందరూ మునిగిపోయారు. సీట్లే ఎందుకిన్ని తక్కువ అని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

అడగాల్సింది అదే. అమెరికా విద్యాశాఖ 2015-16లో సేకరించిన వివరాల ప్రకారం ఆ దేశపు హైస్కూళ్లలో క్యాలిక్యులస్ చెప్పేవి సగమే. ఫిజిక్స్ చెప్పేవి పదింట ఆరు. నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా ఉండే బడుల్లో పరిస్థితి ఇంకా దిగదుడుపు. చంద్రుడి మీద కాలుమోపిన దేశంలో ఎన్నో బడుల్లో న్యూటన్ సూత్రాలు చెప్పే ఒక పంతులు లేడు. తెలివిని పట్టే పరీక్షను ఎంత పకడ్బందీగా పెట్టినా, చదువే అందని పిల్లాడు అందులో ఏం రాస్తాడు?

యూనియన్ నాయకుడి ఆలోచన

ఈ లోటు పూడ్చడానికి ఉన్న దారుల్లో చార్టర్ స్కూలు ఒకటి. డబ్బు ప్రభుత్వానిది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థో, ఉపాధ్యాయుల బృందమో. ఒకరకంగా మన ఎయిడెడ్ బడి లాంటిదే కానీ, మెడ మీద గడువు ఉంటుంది. ఏం నేర్పుతామో, ఏ ఫలితాలు చూపుతామో రాసిచ్చి ఒప్పందం చేసుకోవాలి. సాధారణంగా ఐదేళ్లకోసారి లెక్క చూస్తారు. మాట తప్పితే బడి మూతే. బదులుగా పాఠ్యప్రణాళిక, పనివేళలు, ఉపాధ్యాయుల ఎంపిక వంటి వాటిలో వెసులుబాటు దొరుకుతుంది.

ఈ ఆలోచనను దేశమంతా వినేలా చెప్పింది ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడే. మసాచుసెట్స్ ఆచార్యుడు రే బుడ్డీ తొలుత ప్రతిపాదించిన దాన్ని, 1988లో ఆల్బర్ట్ షాంకర్ వాషింగ్టన్ ప్రెస్ క్లబ్ వేదిక మీద నుంచి చాటాడు. ఉపాధ్యాయులే కొత్త పద్ధతులు పరీక్షించుకునే చిన్న ప్రయోగశాలలుగా ఈ బడులుండాలన్నది ఆయన ఊహ. 1991లో మినసోటా చట్టం చేసింది. మరుసటేడాది సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరిచారు. అవి పోనుపోను యూనియన్లు లేని బడులుగా, కొన్నిచోట్ల వ్యాపారంగా మారడం చూసి షాంకర్ కొన్నేళ్లలోనే దూరం జరిగాడు. ఇప్పుడు చార్టర్లను గట్టిగా వ్యతిరేకించేది ఉపాధ్యాయ సంఘాలే. ఆ కోపంలో న్యాయముంది.

విమానాశ్రయంలో బడి

డెన్వర్ నగరపు పాత విమానాశ్రయం స్టేపుల్టన్ 1995లో మూతపడింది. ఆ స్థలంలో ఇళ్లూ వీధులూ వెలిశాయి. అక్కడే 2004లో డెన్వర్ స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ పుట్టింది. ప్రవేశం లాటరీ మీద. అందులోనూ 40 శాతం సీట్లు తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకని ముందే గీత గీసుకున్నారు. చేరినవాళ్లలో కొందరు తమ తరగతి స్థాయికి బాగా వెనుకబడి వచ్చినవాళ్లే. అయినా సైన్సు, లెక్కలు ఐచ్ఛికం కావు, అందరికీ తప్పనిసరి. వెనుకబడ్డవారికి బోధన గంటలు పెంచారే తప్ప పాఠం తగ్గించలేదు. 2008లో మొదటి బ్యాచ్ బయటికొచ్చింది. అందులో ప్రతి ఒక్కరికీ నాలుగేళ్ల డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడు డెన్వర్, అరోరా నగరాల్లో ఆ సంస్థకు పదికి పైగా బడులున్నాయి.

శాన్ డియేగోలో 2000లో మొదలైన హై టెక్ హై ఒకప్పటి నౌకాదళ శిక్షణ కేంద్రంలో ఉంది. అక్కడ లాటరీని పిన్‌కోడ్ల వారీగా తీస్తారు, నగరంలో పేద, ధనిక పేటలన్నిటి నుంచీ పిల్లలు రావాలని. అక్కడ బోధనంతా ప్రాజెక్టుల చుట్టూ తిరుగుతుంది. ఆ పిల్లలు శాన్ డియేగో అఖాతం వెంట తిరిగి అక్కడి జీవజాలం మీద పుస్తకాలే అచ్చేశారు. న్యూ ఆర్లీన్స్‌లో కత్రినా తుపాను విధ్వంసం తర్వాత 2008లో వచ్చిన సైన్స్ అకాడమీ తొలినాళ్లలో ట్రెయిలర్ గదుల్లో నడిచింది.

పాత విమానాశ్రయం, పాత నౌకాదళ స్థావరం, ట్రెయిలర్లు. ఇవేవీ ముచ్చటపడి ఎంచుకున్న చోట్లు కావు. చార్టర్ బడికి పిల్లాడి తలకింత అని ఖర్చు వస్తుంది గానీ, చాలా రాష్ట్రాల్లో భవనానికి సరిపడా సొమ్ము రాదు. మామూలు బడి అయితే చర్చి హాల్లోనో, ఖాళీ పడిన దుకాణ సముదాయంలోనో సర్దుకుంటుంది. సైన్సు బడికి అలా కుదరదు. రసాయనశాలకు ప్రతి బల్ల దగ్గరా నీళ్లు కావాలి, ఆ నీళ్లు పోయే దారి కావాలి, విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కావాలి, కళ్లు కడుక్కునే ఏర్పాటు కావాలి. అద్దె భవనంలో ఇవన్నీ పెట్టించాలంటే గోడలూ గచ్చూ పగలగొట్టాలి. అందుకే బోర్డు మీద సైన్స్ అని రాసుకుని, లోపల లాప్‌టాప్‌లు తప్ప ఇంకేమీ లేకుండా నెట్టుకొచ్చే బడులు పుడతాయి. కొత్త సైన్సు చార్టర్ కోసం ఎవరైనా దరఖాస్తు తెస్తే, అనుమతి ఇచ్చే అధికారి ఆశయాల పేజీ తర్వాత చదవొచ్చు. ముందు ప్లంబింగ్ ప్లాను అడగాలి.

లాటరీ చెప్పిన నిజం

లాటరీలో ఇంకో గుణం ఉంది. బడి మంచిదా కాదా అన్నది తేల్చడం చాలా కష్టం. ర్యాంకులు వచ్చిన బడిని చూసి, అది గొప్ప బడా, లేక గొప్ప పిల్లల్ని ఏరుకుందా అని ఎలా చెప్పగలం? మన కార్పొరేట్ కాలేజీల ప్రకటనలు చూసి అరవైయేళ్ల తాతయ్య కూడా అడగగలిగే ప్రశ్న ఇది. లాటరీ దీనికి జవాబు ఇస్తుంది. వంద సీట్లకు నాలుగువందల మంది అడిగారనుకుందాం. అడిగినవాళ్లందరి తల్లిదండ్రులకూ పట్టుదల ఉంది. చీటీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా అదృష్టం ఒక్కటే. నాలుగేళ్ల తర్వాత రెండు గుంపులనూ పోలిస్తే వచ్చే తేడా బడి వల్ల వచ్చిందే. కొత్త మందును పరీక్షించేదీ ఇలాగే.

జోషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్, మరికొందరు ఆర్థికవేత్తలు బోస్టన్ చార్టర్ల లాటరీలను ఇలాగే పరిశీలించారు. చీటీ వచ్చిన పిల్లలు, ముఖ్యంగా లెక్కల్లో, చాలా ముందుకెళ్లారు. ఆ పరిశోధకుల్లో కొందరు బోస్టన్, న్యూయార్క్‌లలోని ప్రవేశపరీక్ష బడులను కూడా చూశారు. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కులు పైన ఉండి సీటు తెచ్చుకున్నవాళ్లను, అంతే తేడాతో పోగొట్టుకున్నవాళ్లతో పోల్చారు. 2014లో వచ్చిన ఆ పత్రం ప్రకారం, మార్కుల్లో ఆ బడులు కలిపింది దాదాపు ఏమీ లేదు. అందులో బ్రాంక్స్ సైన్స్, స్టైవెసాంట్ కూడా ఉన్నాయి. సహజంగా జరిగే ఇలాంటి ప్రయోగాల నుంచి కారణాలను రాబట్టే పద్ధతికే ఆంగ్రిస్ట్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

బోస్టన్ బడులన్నీ సైన్సు బడులు కావు. క్రమశిక్షణ కఠినంగా ఉండే, బోధన గంటలు ఎక్కువగా ఉండే బడుల్లోనే ఫలితం బాగా కనిపించింది. దేశం మొత్తం మీద చూస్తే చార్టర్ల గొప్ప అంతంతమాత్రమే. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో సంస్థ 2023 నివేదికలో, చార్టర్ పిల్లలు సాటి ప్రభుత్వ బడి పిల్లల కంటే చదవడంలో ఏడాదికి 16 రోజుల బోధనకు, లెక్కల్లో 6 రోజుల బోధనకు సమానంగా ముందున్నారని లెక్కగట్టింది. ఆన్‌లైన్ చార్టర్ల పిల్లలైతే లెక్కల్లో 124 రోజులు వెనుకబడ్డారు. ఒహాయోలో ఓ పెద్ద ఆన్‌లైన్ చార్టర్ 2018 జనవరిలో, విద్యాసంవత్సరం నడుమ మూతపడి దాదాపు 12 వేల మంది పిల్లల్ని దిక్కులేనివాళ్లను చేసింది. చార్టర్ అన్న మాటకే మహిమ ఏమీ లేదు.

ఇక డబ్బు సంగతి. పిల్లాడు చార్టర్‌కు వెళితే అతని ఖర్చు కూడా వెంట వెళుతుంది. పాత బడిలో తరగతికి ఇద్దరు తగ్గితే పంతులు జీతం తగ్గదు, బస్సు డీజిలు తగ్గదు. ఈ భయంతోనే 2016 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు, ఏడాదికి 12 కొత్త చార్టర్లకు దారి తెరిచే ప్రతిపాదనను 62 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. బోస్టన్ లాటరీల ఫలితాలు వచ్చింది ఆ రాష్ట్రంలోనే.

అయినా కావాలి

ఇవన్నీ చూశాక కూడా కొత్త సైన్సు చార్టర్ కావాలనే అంటాను. ఎక్కడైనా సరే అనను. ఫిజిక్స్, క్యాలిక్యులస్ ఇప్పటికే బాగా చెప్పే బడులున్న సంపన్న శివారులో ఇంకొకటి పెడితే, అది ఉన్న పిల్లల్నే ఇంకోసారి ఏరుకుంటుంది. అరిజోనాలో కొన్ని పేరుమోసిన చార్టర్లపై వచ్చిన విమర్శ ఇదే. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల్లో ఎంతమంది పన్నెండు దాకా నిలిచారో లెక్క చెప్పకుండా ఫలితాలు చూపే బడిని నమ్మకూడదు. ఫిజిక్స్ చెప్పే పంతులే లేని పేటలో, లాటరీతో, తక్కువ ఆదాయపు ఇళ్లకు వాటాతో, అసలైన ల్యాబుతో వచ్చే బడికి మాత్రం అడ్డు చెప్పడానికి నాకు కారణం కనిపించదు. పక్క బడి కోల్పోయే సొమ్మును రెండు మూడేళ్లు రాష్ట్రం భర్తీ చేయాలి. అది బడి పని కాదు, శాసనసభ పని.

అమెరికాలోని మన తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పేరు లాటరీలో వేయడంతో ఆగకండి. కొత్త బడి మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు, మీ పిల్లలు వెళ్లని పేటలో ఆ బడి రావాలని కూడా మాట్లాడండి. మీలో ఎంతమంది ఇంజినీర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు! వారానికో పూట పాఠం చెప్పే మనిషి దొరికితే కొత్త బడికి సగం బలం.

ఇక తెలుగు రాష్ట్రాల విషయానికొస్తే, ఇక్కడ చార్టర్ చట్టం లేదు, రావాల్సిన పనీ లేదు. మనకు గురుకులాలున్నాయి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య, పేద పిల్లల్లోంచి ఎందరినో అధికారుల్ని, డాక్టర్లని చేసింది. కానీ అక్కడా తలుపు దగ్గర కాపలా ప్రవేశపరీక్షే. ట్రిపుల్ ఐటీలుగా మనం పిలిచే ఆర్జీయూకేటీలు 2008లో వచ్చాయి. తర్వాత అవి ప్రభుత్వ బడి పిల్లలకు గ్రేడు పాయింట్లు కలిపి ఒక మెట్టు దిగాయి. ఇక లాటరీ అంటారా, కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి ఎప్పటినుంచో తీస్తున్నారు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చెరొక గురుకులాన్ని సైన్సు బడిగా ఎంచుకోవాలి. ల్యాబులు కట్టి, ఫిజిక్స్ పంతుళ్లను వేసి, ఒక్క బ్యాచ్‌కైనా సీట్లు చీటీ తీసి ఇవ్వాలి. చీటీ వచ్చినవాళ్లవీ, రానివాళ్లవీ పదో తరగతి ఫలితాలు పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపించాలి.