కొనేది ఆరో అంతస్తు, చూడాల్సింది కింది దుకాణం

అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళకి హోమ్ ఇన్‌స్పెక్షను తెలిసిందే. కొన్ని వందల డాలర్లు పుచ్చుకుని ఒకాయన ఇంటి కప్పు ఎక్కి, క్రాల్ స్పేసులో దూరి, పెద్ద రిపోర్టు చేతిలో పెడతాడు. కాంట్రాక్టులో ఇన్‌స్పెక్షను షరతు ఉంటే, తేడా వచ్చినప్పుడు మన బయానా మనకి వస్తుంది. మరి ఆ మనిషీ, ఆ షరతూ లేనిచోట?

మా వేలువిడిచిన మేనమామ కొడుకు యాంగోన్‌లో, అంటే మన పెద్దల రంగూన్‌లో, పుట్టి పెరిగినవాడు, ఆ దేశపు పౌరుడు. (విదేశీయులు అక్కడ స్థిరాస్తి కొనకుండా 1987 నాటి చట్టం ఉంది. 2016 కండోమినియం చట్టం ఇచ్చిన సడలింపు మామూలు అపార్టుమెంట్లకి వర్తించదు.) మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒక ఫ్లాటు బేరమాడాడు. ఆరంతస్తులు, లిఫ్టు లేదు, కింద దుకాణాలు. "నువ్వు అక్కడ ఇల్లు కొన్నావుగా బావా, వచ్చి చూసిపెట్టు" అన్నాడు. నేను వెళ్ళేసరికే బయానా ఇచ్చేశాడు!

అతని భయం భూకంపం గురించి. 2025 మార్చి 28న సగాయింగ్ ఫాల్టు కదిలి, 7.7 తీవ్రతతో మాండలే ప్రాంతాన్ని కూల్చింది. ఆ ఫాల్టు దక్షిణాన పెగూ వైపు సాగుతుంది. 1930 మే 5న అక్కడ భూకంపం వచ్చినప్పుడు రంగూన్‌లోనూ భవనాలు కూలి మనుషులు పోయారు.

అందుకని ఫ్లాటులో టైల్సు, కుళాయిలు చూసే ముందు కిందికి దిగాలి. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉంటాయి, అవి ఊపుని కొంత ఆపుతాయి. కింద దుకాణాల కోసం గోడలు తీసేసి షట్టర్లు పెడతారు. నేల ఊగితే పైభాగమంతా ఒక పెట్టెలా కదులుతుంది, వంగవలసింది కింది స్తంభాలే. ఇంజనీర్లు దీన్ని సాఫ్ట్ స్టోరీ అంటారు. మన సాఫ్ట్‌వేరుకీ దీనికీ చుట్టరికం లేదు!

పగుళ్ళన్నీ ఒకటి కావు. సున్నం మీద వెంట్రుకవాసి గీతలకి కంగారు పడక్కర్లేదు. గోడ మీద ఏటవాలుగా పోయే పగులునీ, దూలం స్తంభాన్ని కలిసేచోట ఉన్న పగులునీ మాత్రం ఇంజనీరుకి చూపించాలి. స్తంభం పొడుగునా పగులు, దానిపక్క తుప్పు మరక కనిపిస్తే లోపలి ఇనుము ఉబ్బుతోందన్న మాట. తుప్పు పట్టిన ఇనుము ఎక్కువ చోటు ఆక్రమించి, పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి, పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. వానాకాలంలో వెళితే మరీ మంచిది, పై కప్పు, నీళ్ళ ట్యాంకు ఎక్కడ కారుతున్నాయో అవే చెబుతాయి.

కాగితాల్లో నగరపాలక సంస్థ ఇచ్చే బిల్డింగ్ కంప్లీషన్ సర్టిఫికెట్టు అడగాలి. అందులోని అంతస్తుల లెక్కా, మన కళ్ళెదుట ఉన్న లెక్కా కలవాలి.

మా బావ చూసిన భవనంలో లెక్క కలిసింది. కానీ ఒక దుకాణంలో బియ్యం బస్తాల వెనక స్తంభానికి మాత్రం కొత్త రంగు వేసి ఉంది. తట్టితే డొల్ల. "తేమ సార్, అంతే" అన్నాడు బ్రోకరు. మర్నాడు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకెళ్ళి, యజమాని ఒప్పుకున్నాక అరచేయంత పెచ్చు తీయించాం. లోపల చువ్వ సగం తినేసి ఉంది.

బయానా తిరిగి రాలేదు. బావ ఇప్పుడు అదే పేటలో మరొకటి చూస్తున్నాడు. ఇంకా పైసా ఇవ్వలేదట, ఇంజనీరు ఆదివారం వస్తాడట.