పోర్టు తెరిస్తే క్లస్టర్ అందుతుందా?
క్లౌడ్ కనెక్షన్లపై అపోహలు – వాస్తవాలు

సందేశాలను చేరవేసే కాఫ్కా సర్వర్ల గుంపు, అంటే క్లస్టర్, అమెజాన్ క్లౌడ్‌లో చక్కగా నడుస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో రాసిన ప్రోగ్రామ్ మాత్రం దానికి ఒక్క సందేశం కూడా పంపలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన డెవలపర్లు గంటల తరబడి ఇక్కడే చిక్కుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. ఆ సలహాలు చాలావరకు ఒకే సర్వర్ ఉన్న రోజుల నాటివి.

అపోహ: పోర్టు తెరిచి ఉందో లేదో చూసే టెల్‌నెట్ తగిలింది కాబట్టి దారి బాగానే ఉంది, తప్పంతా ప్రోగ్రామ్‌లోనే.

వాస్తవం: సర్వర్ ఒక్కటే అయితే ఈ మాట చాలావరకు నిజం. క్లస్టర్ పద్ధతి వేరు. కాఫ్కాలో మనం మొదట ఇచ్చే బూట్‌స్ట్రాప్ చిరునామా బస్టాండులో విచారణ కిటికీ లాంటిది. అక్కడ బస్సు ఎక్కలేం, ఏ ప్లాట్‌ఫారానికి వెళ్లాలో మాత్రం తెలుస్తుంది. క్లయింటు ఆ చిరునామాకు వెళ్లి క్లస్టర్‌లో ఏయే బ్రోకర్లు (సర్వర్లు) ఉన్నాయో, టాపిక్‌లోని ఏ భాగానికి (పార్టిషన్‌కు) ఏ బ్రోకర్ లీడరో అడుగుతుంది. జవాబుగా వచ్చిన చిరునామాలకు మళ్లీ విడివిడిగా కనెక్షన్లు పెట్టుకుంటుంది. సందేశాలు వెళ్లేది ఈ రెండో దఫా కనెక్షన్ల మీదే.

చిక్కంతా ఆ జవాబులో ఉంది. బ్రోకర్‌కు ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే అది తన సొంత యంత్రం పేరే ఇస్తుంది. అమెజాన్‌లో అది ‘ఐపీ-10-0-1-12’ తరహాలో ఉండే అంతర్గత పేరు. 10తో మొదలయ్యే చిరునామాలు ప్రైవేటు నెట్‌వర్కుల కోసం 1990లలోనే పక్కన పెట్టినవి, ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. అందుకే టెల్‌నెట్ తగులుతుంది, టాపిక్‌ల జాబితా కూడా ఒక్కోసారి వచ్చేస్తుంది, సందేశం పంపబోతే మాత్రం టైమౌట్ అవుతుంది. ‘జాబితా వస్తోంది కదా!’ అని తల పట్టుకునేది ఇక్కడే.

దీనికి మందు బ్రోకర్ సెట్టింగుల్లో ఉంది. ‘లిజనర్స్’ అనేది బ్రోకర్ ఏ చిరునామా మీద వింటుందో చెబుతుంది. ‘అడ్వర్టైజ్డ్ లిజనర్స్’ అనేది క్లయింట్లకు ఏ చిరునామా చెప్పాలో నిర్ణయిస్తుంది. మొదటిదానిలో 0.0.0.0 పెట్టవచ్చు, రెండోదానిలో పెట్టకూడదు. బ్రోకర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక లిజనర్, బయటి నుంచి వచ్చేవారికి వేరే పోర్టు మీద ఇంకొకటి పెట్టి, దేనికి తగిన పేరు దానికి ఇవ్వడం సరైన పద్ధతి. ‘అడ్వర్టైజ్డ్ లిజనర్స్’లో లోకల్‌హోస్ట్ అని రాసి వదిలేస్తే, క్లయింటు బ్రోకర్ కోసం తన ల్యాప్‌టాప్‌లోనే వెతుక్కుంటుంది.

ఇది కాఫ్కా ఒక్కదాని సంగతి కాదు. రెడిస్ క్లస్టర్ కీలన్నిటినీ 16,384 స్లాట్లుగా పంచుకుంటుంది. మనం అడిగిన కీ తన దగ్గర లేకపోతే ‘మూవ్డ్’ అంటూ వేరే నోడ్ చిరునామా ఇస్తుంది. మాంగోడీబీ రెప్లికా సెట్ కూడా తన సభ్యుల పేర్లు చెప్పి, వాటికే నేరుగా రమ్మంటుంది.

అపోహ: ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: మామూలు టన్నెల్ ఒక పోర్టును ఒక గమ్యానికి మాత్రమే కలుపుతుంది. మూడు బ్రోకర్లున్న చోట అది ఒక్కదాని దాకానే తీసుకెళ్తుంది. మిగతా చిరునామాలు అందగానే క్లయింటు టన్నెల్‌ను వదిలేసి వాటికే నేరుగా వెళ్లబోతుంది. ఇలాంటప్పుడు ప్రైవేటు నెట్‌వర్క్ మొత్తానికి దారి ఇచ్చే వీపీఎన్ మేలు. మాంగోడీబీలో డేటా చూసుకోవడానికే అయితే ‘డైరెక్ట్ కనెక్షన్’ ఎంపికతో ఒక్క సభ్యుడికే కలవవచ్చు, కానీ ఆ సభ్యుడు సెకండరీ అయితే రాయడం కుదరదు.

అపోహ: కనెక్ట్ కాలేదంటే కాలేదంతే, ఎర్రర్ ఏదైనా ఒకటే.

వాస్తవం: ఎర్రర్ మాటల్లోనే సగం జవాబు ఉంటుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే, సాధారణంగా యంత్రం దాకా దారి ఉంది, ఆ పోర్టు మీద వినేవారు లేరు. చాలాసేపు ఆగి ‘టైమ్డ్ అవుట్’ అంటే మధ్యలో ఎవరో ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తున్నారు. అమెజాన్‌లో ఫైర్‌వాల్ పని చేసే సెక్యూరిటీ గ్రూప్ చేసేది అదే. ‘అన్‌నోన్ హోస్ట్’ అంటే క్లస్టర్ చెప్పిన పేరు మీ ల్యాప్‌టాప్‌కు తెలియదు. సర్టిఫికెట్ పేరు సరిపోలలేదంటే పేరుకు బదులు ఐపీతో వెళ్లి ఉంటారు. అప్పుడు సరిచేయాల్సింది పేరు. తనిఖీని ఆపేయడం పరిష్కారం కాదు.

అపోహ: పరీక్ష కోసమే కదా, కాసేపు సెక్యూరిటీ గ్రూప్‌లో 0.0.0.0/0 పెట్టి అందరినీ అనుమతిస్తే ఏమవుతుంది?

వాస్తవం: ఈ అలవాటు మానమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంటర్నెట్ మొత్తాన్ని యంత్రాలతో నిత్యం జల్లెడ పట్టేవాళ్లున్నారు. పాస్‌వర్డ్ లేకుండా బయటికి తెరిచిన వేలాది మాంగోడీబీ డేటాబేసులను 2017 జనవరిలో దుండగులు తుడిచేసి, డబ్బు కోసం బెదిరింపు సందేశాలు వదిలారు. అదే ఏడాది వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మాంగోడీబీ మొదట్లో లోకల్‌హోస్ట్ మీదే వినేలా మారింది.

మీ ఇంటి ఐపీ ఒక్కదాన్నే అనుమతించడం ఇంతకంటే ఎంతో నయం. అయితే అదీ పూర్తి కాపలా కాదు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని అనేక మంది చందాదారులకు పంచుతాయి, పైగా అది మారుతూ ఉంటుంది. పాస్‌వర్డ్, టీఎల్‌ఎస్ రెండూ ఉండి తీరాలి.

అపోహ: క్లౌడ్ ఎక్కడున్నా ఒకటే.

వాస్తవం: హైదరాబాద్ నుంచి అమెరికాలోని వర్జీనియా నేరుగా 13 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లకు తగ్గదు. ప్రతిదానికీ జవాబు వచ్చేదాకా ఆగుతూ వంద సందేశాలు పంపితే 13 సెకన్లు. అమెజాన్ ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో రీజియన్లు తెరిచింది. వాడుకరులు ఇక్కడే ఉంటే అవి చూడండి.

ఈసారి కాఫ్కా తగలకపోతే సెక్యూరిటీ గ్రూప్ జోలికి వెళ్లేముందు ‘కెక్యాట్’ అనే చిన్న పనిముట్టును మైనస్ ఎల్ ఎంపికతో నడపండి. క్లస్టర్ ఏ బ్రోకర్లకు ఏ చిరునామాలు చెబుతోందో తెర మీద కనిపిస్తుంది. అవి మీ ల్యాప్‌టాప్ చేరగల చిరునామాలు కాకపోతే, మార్చాల్సింది బ్రోకర్ సెట్టింగే.