గురి తప్పిన రైఫిలు: దోషము ఎచ్చట నున్నది?

రైఫిలుపై క్రొత్తగా టెలిస్కోపు బిగించిన పిదప గుండు గురికి తగులుట లేదన్న ఫిర్యాదు తరచుగా వినవచ్చును. అట్టి సమయమున చాలమంది చేయు మొదటి పని టెలిస్కోపుపై నున్న మరను త్రిప్పుట. ఒక గుండు ఎడమకు పడినచో కుడికి త్రిప్పెదరు. మరియొకటి క్రిందికి పడినచో పైకి త్రిప్పెదరు. తూటాల పెట్టె ముగియునప్పటికి ఆ రైఫిలు ఎచ్చట కొట్టుచున్నదో త్రిప్పినవానికే తెలియదు. తూటాలు లెక్కపెట్టి ఇచ్చు శిక్షణ రేంజిలో ఇది చిన్న నష్టము కాదు. ఒక విద్యార్థికి దక్కిన ఐదు తూటాలును సరిచేయని రైఫిలుతో ఖర్చైనచో, మంచి చేయి గలవాడును చేతకానివాడన్న పేరు మోయవలసివచ్చును. కనుక దోషమును ఏ వరుసలో వెదకవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

ఎన్.సి.సి. తరగతులలో గురి చూచుటను ‘శిస్త్’ అందురు. ఇది పారసీకము నుండి ఉర్దూ ద్వారా మన రేంజిలకు వచ్చిన మాట. గొట్టము కొన నుండు చిన్న మొనను ఉర్దూలో ‘మక్ఖీ’, అనగా ఈగ, అందురు. దూరము నుండి చూచిన వారికి ఆ పేరులోని ఔచిత్యము తెలియగలదు. ఎన్.సి.సి. విద్యార్థుల .22 రైఫిలుకు సాధారణముగా మక్ఖీయే గాని టెలిస్కోపు ఉండదు. అయినను దోషమును కనుగొను పద్ధతి రెంటికిని ఒక్కటే.

ఒక్క గుండును చూచి ఏ నిర్ణయమునకును రారాదు. కదలని ఆధారముపై, ఇసుక సంచి అయినచో మరింత మేలు, రైఫిలును ఆనించి, ఒకే బిందువును గురి చూచి ఐదు గుండ్లు కాల్చవలెను. అవన్నియు ఒకచోట గుమిగూడి, ఆ గుంపు మాత్రము కేంద్రమునకు దూరముగా నున్నచో అది గురి అమరికలోని దోషము. మర త్రిప్పి సరిచేయవచ్చును. గుండ్లు చెల్లాచెదరుగా పడినచో మరను తాకరాదు. అది కాల్చువాని శ్వాసలోనో, ట్రిగ్గరు లాగు తీరులోనో, లేక వదులైన మౌంటులోనో ఉన్న లోపము. అనుభవము గల మరియొకరి చేత అదే రైఫిలును కాల్పించినచో మనిషి దోషమో యంత్ర దోషమో తేలిపోవును. మొదట గుంపు, తరువాత గురి అను ఈ వరుసను తప్పినవారే ఎక్కువగా తూటాలు వ్యర్థము చేయుదురని మా అభిప్రాయము.

ఇక మౌంటు సంగతి. రైఫిలుపై ఒక పీఠము, పీఠముపై రెండు రింగులు, రింగులలో టెలిస్కోపు. ఈ కూర్పునంతను పట్టియుంచునవి కొన్ని చిన్న స్క్రూలు. పరీక్షకు ముందు బోల్టు తీసి, ఛాంబరు ఖాళీగా నున్నదని కంటితోను వ్రేలితోను చూచుకొనుట తప్పనిసరి. పిమ్మట పీఠపు స్క్రూలను మొదట, రింగుల స్క్రూలను తరువాత పరీక్షింపవలెను. రింగులు గట్టిగా నున్నవి గదా అని తృప్తిపడి, వాటి క్రింద దాగియున్న పీఠపు స్క్రూను మరచుట సర్వసాధారణము. స్క్రూ రంధ్రములలో నూనె మిగిలియున్నచో తుడువవలెను. ఒక ప్రక్కను పూర్తిగా బిగించి రెండవ ప్రక్కకు పోక, అటునిటు కొంచెము కొంచెముగా బిగింపవలెను. బలముకొలది బిగించినచో టెలిస్కోపు గొట్టము నొక్కుకొనిపోవును. అప్పుడు లోపలి మరలు సరిగా కదలవు.

ఇంత సూక్ష్మము ఎందుకని ఎవరైన అడుగవచ్చును. ఒక సాధారణ వ్రాతకాగితపు మందము సుమారు 0.1 మిల్లీమీటరు. రెండు రింగుల నడుమ దూరము 100 మిల్లీమీటర్లు అనుకొందము. ఒక రింగు కాగితమంత ఎత్తుగా నున్నచో చూపు రేఖ వేయింట ఒక వంతు వాలును. 100 మీటర్ల దూరమున అది 10 సెంటీమీటర్లగును. 25 మీటర్లకే రెండున్నర సెంటీమీటర్లగును. మరను చివరివరకు త్రిప్పినను గుంపు కేంద్రమునకు రానిచో పీఠము వంకరగా నున్నదని అనుమానింపవలెను. ఎత్తులో లోపమున్నప్పుడు పీఠము క్రింద పలుచని లోహపు రేకు నుంచి సరిచేయుట తెలిసినవారి పద్ధతి.

టెలిస్కోపు లోపల కనబడు అడ్డునిలువు గీతలకు ఒక చరిత్ర కలదు. 1640 ప్రాంతమున విలియం గాస్కోయిన్ అను ఆంగ్ల ఖగోళజ్ఞుడు తన దూరదర్శినిలో సాలెపురుగు అల్లిన దారము స్పష్టముగా కనబడుట గమనించి, దానిని గురికి ఉపయోగించెను. నాటి దారమునకు వలెనే నేటి గీతకును నిటారుగా నుండుటయే ప్రాణము. కొంత దూరములో బరువు కట్టిన దారము వ్రేలాడదీసి, రైఫిలును సమముగా నిలిపి, నిలువు గీత ఆ దారముతో కలియుచున్నదా అని చూడవలెను. గీత వాలియున్నచో పైకి త్రిప్పిన మర గుంపును ఏటవాలుగా నడిపించును. కాల్చునప్పుడు రైఫిలే కుడికి వాలినచో గుండు కుడికి, కొంచెము క్రిందికి పడును.

తల కొంచెము కదల్చినప్పుడు గీతలు టార్గెట్టుపై జరిగినట్లు కనబడుట మరియొక చిక్కు. .22 రైఫిళ్ళకు చేయు టెలిస్కోపులు తరచుగా 50 గజములకును, పెద్ద రైఫిళ్ళవి 100 గజములకును అమర్చబడియుండును. ఆ దూరము మారినచో ఈ దోషము కనబడును. చెంపను ప్రతిసారి ఒకేచోట ఆనించుటయే దీనికి సులభమైన విరుగుడు.

మౌంటు గట్టిగా నున్నదని తేలిన పిమ్మట, తూటా లేకుండ గొట్టము గుండానే టార్గెట్టును చూచి, గీతలను దానిపైకి తెచ్చుకొనవలెను. దీనితో మొదటి గుండు కాగితముపై పడు అవకాశము హెచ్చును. తరువాతిది లెక్క. చాల టెలిస్కోపులపై ఒక క్లిక్కునకు 100 గజముల వద్ద పావు అంగుళము జరుగునని వ్రాసియుండును. 25 మీటర్ల వద్ద అదే క్లిక్కు సుమారు 1.8 మిల్లీమీటర్లు మాత్రమే జరుపును. గుంపు నడిమి బిందువు 4 సెంటీమీటర్లు ఎడమకు, 2 సెంటీమీటర్లు క్రిందికి ఉన్నదనుకొనుడు. కుడికి 22 క్లిక్కులు, పైకి 11 క్లిక్కులు త్రిప్పవలెను. దూరమును లెక్కింపక నాలుగైదు క్లిక్కులు త్రిప్పి, మర పనిచేయుట లేదనువారు పెక్కుమంది కలరు. త్రిప్పిన పిమ్మట మరల ఐదు గుండ్లు కాల్చి చూచుట అవసరము.

మక్ఖీ గల రైఫిలులో నియమము తలక్రిందులు. వెనుక గురిని గుండు పోవలసిన వైపునకు జరుపవలెను. మక్ఖీని మాత్రము గుండు తప్పిన వైపునకే జరుపవలెను. రెండు గురుల నడుమ 60 సెంటీమీటర్లున్నచో, మక్ఖీని ఒక్క మిల్లీమీటరు జరిపినంత మాత్రమున 25 మీటర్ల వద్ద గుండు 4 సెంటీమీటర్లకు పైగా జరుగును. కావున ఈ పనిని శిక్షకునికి విడుచుట మంచిది.

మన హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో టెలిస్కోపుకు అనుమతి లేదు. అచ్చటి టార్గెట్టులో పది అంకె గల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. అదే పోటీలో 2008లో బీజింగులో స్వర్ణము గెలిచిన అభినవ్ బింద్రా, తుది పోటీకి ముందు పరీక్షగా కాల్చిన గుళ్ళు దూరముగా పడుట చూచి, అక్కడికక్కడే గురిని సరిచేసికొనినట్లు తరువాత వెల్లడించెను. అంకెలు లెక్కింపబడని ఆ పరీక్షా గుళ్ళు ఉన్నది ఇందుకే.

తూటాల రకము మారినను, రైఫిలు లారీలో ప్రయాణించినను, స్క్రూ విప్పి బిగించినను గురిని మరల పరీక్షింపవలెను. ప్రతి రైఫిలు సంఖ్యకు ఎదురుగా దూరము, తూటా రకము, గుంపు పడిన చోటు, త్రిప్పిన క్లిక్కులు వ్రాయుటకు రేంజిలో ఒక నోటుపుస్తకము ఉంచినచో, మరుసటి జట్టు మొదటి గుండు నుండియే పని ఆరంభింపవచ్చును.