తన బాటను తానే పరచుకొనే యంత్రం

సముద్రతీర గ్రామాలలో పెరిగినవారికి ఒక దృశ్యం సుపరిచితం. వేట ముగించుకొని వచ్చిన నావను ఇసుకమీదికి చేర్చడానికి దాని అడుగున గుండ్రని దుంగలను వరుసగా వేస్తారు. పదిమంది ఒక్క ఊపున నెట్టగానే నావ దుంగలమీదుగా దొర్లి నాలుగడుగులు ముందుకు వస్తుంది. వెనుక బయటపడిన దుంగను ఒక కుర్రవాడు ఎత్తుకొని పరుగున వెళ్ళి ముందు వేస్తాడు. మళ్ళీ నెట్టుతారు. ఉన్నవి నాలుగైదు దుంగలే అయినా, ఆ నావను ఒడ్డున ఎంత దూరమైనా తీసుకొనిపోవచ్చు.

మన గనులలో వందల టన్నుల షవెళ్ళు, వేల టన్నుల డ్రాగ్‌లైన్లు ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలే విధానానికి మూలసూత్రం ఇదే. వెనుక బాటను తీసి ముందు పరచడం అనే ఈ చిన్న ఉపాయం నూట ఎనభై ఏళ్ళకు పైగా తవ్వకపు యంత్రాలకు కాళ్ళై నిలిచింది. దాని కథను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మట్టి తవ్వే యంత్రానికి పట్టాలెందుకు?

అమెరికాకు చెందిన విలియం ఓటిస్ అనే యువకుడు 1839లో ఆవిరి షవెల్‌కు పేటెంటు పొందాడు. ఆ ఏడాదే మరణించడం వల్ల తన యంత్రం ప్రపంచాన్ని మార్చడం ఆయన చూడలేకపోయాడు. రైలు మార్గాల కోసం కొండలు తొలిచే పనిలో పుట్టిన యంత్రం కనుక, దానిని రైలు బండివంటి చట్రం మీదనే అమర్చారు. దరిమిలా దశాబ్దాల తరబడి పెద్ద షవెళ్ళన్నీ పట్టాలమీదనే నడిచాయి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. రైలు బండి వేసి ఉన్న బాటమీద నడుస్తుంది. షవెల్ మాత్రం బాటే లేనిచోట, తాను అప్పుడే తవ్విన పచ్చినేలమీద నిలబడాలి. చేయి అందినంతమేర తవ్వి, ఐదారు అడుగులు ముందుకు జరగాలి. మళ్ళీ తవ్వాలి. మామూలు పొడవున్న పట్టాలు వేస్తే వాటి కొసలు తవ్వే ముఖానికి అడ్డుపడతాయి, బకెట్ నేలను అందుకోలేదు. అందుకే ఐదారు అడుగుల పొడవున్న పట్టాల ముక్కలను స్లీపర్లతో సహా విడివిడిగా తయారుచేసుకొన్నారు. యంత్రం ఒక అడుగు వేసేటంత పొడవే ఒక్కొక్క ముక్క పొడవు. మనుషులు మోయగలిగినంత బరువు, యంత్రం ఆగగలిగినంత బలం, ఈ రెంటి నడుమ కుదిరిన రాజీ అది.

యంత్రం కదలవలసినప్పుడు పక్కలనున్న స్క్రూ జాకీలను వదులు చేసేవారు. చక్రాల వెనుక ఖాళీ అయిన ముక్కను విప్పి, మోసుకొనో, షవెల్ బకెట్‌కే గొలుసు తగిలించి లాగించో, ముందుకు చేర్చేవారు. నేలను చదును చేసి, ముక్కను అమర్చి, కొసలు కలిపి, యంత్రాన్ని దానిమీదికి నడిపేవారు. తిరిగి చక్రాలకు అడ్డు పెట్టి, జాకీల కింద దిమ్మలు వేసి బిగించేవారు. ఇదంతా నిమిషాలలో జరగాలి. లేకపోతే లోడు కోసం నిలిచిన రైలు పెట్టెలన్నీ ఖాళీగా ఎదురుచూస్తాయి. ఈ పని చేసేవారు షవెల్ ముందు గోతిలో, తలపై ఊగే బకెట్ కింద, ఎప్పుడు జారిపడుతుందో తెలియని మట్టిగోడ పక్కన ఉండేవారు. డ్రైవరు పేరు, యంత్రం పేరు ఫొటోల కింద కనిపిస్తాయి. వీరి పేర్లు కనిపించవు.

పనామా నేర్పిన పాఠం

ఈ పద్ధతి శక్తి, దాని హద్దు రెండూ ఒకేచోట చూడాలంటే పనామా కాలువ నిర్మాణాన్ని చూడాలి. 1904 నుంచి 1914 వరకు అమెరికన్లు సాగించిన ఆ నిర్మాణంలో కులేబ్రా కొండకోత అతి కఠినమైన ఘట్టం. 1905లో చీఫ్ ఇంజనీరుగా వచ్చిన జాన్ స్టీవెన్స్ రైల్వేలలో ఆరితేరినవాడు. తవ్వడం కంటె తవ్విన మట్టిని తరలించడమే అసలు సమస్య అని ఆయన గ్రహించాడు. 95 టన్నుల ఆవిరి షవెళ్ళు మెట్లుమెట్లుగా బెంచీల మీద నిలిచి తవ్వుతుంటే, ఒక్కొక్కదాని పక్కనే మట్టి నింపుకొనే రైళ్ళు బారులు తీరేవి.

షవెల్ ముందుకు పోయినకొద్దీ మట్టి బండ్ల బాట కూడా పక్కకు జరగాలి. డంపింగు యార్డులలోనూ అదే అవస్థ. ఒకవైపు మట్టి నిండగానే పట్టాలను అంచువైపునకు జరపాలి. విప్పి మళ్ళీ వేయడమంటే వందలాది మనుషుల పని. అప్పుడు పనామా రైల్వేలో పనిచేసిన విలియం బియర్డ్ ఒక ట్రాక్ షిఫ్టర్‌ను రూపొందించాడు. అది క్రేన్ వంటి చేతితో పట్టాలను స్లీపర్లతో సహా పైకెత్తి పక్కకు నెట్టేది. దాదాపు ఆరువందల మంది చేయవలసిన పనిని పన్నెండు మంది ఆ యంత్రంతో చేయగలిగారని ఆ కాలువ చరిత్రకారులు రాశారు.

కాని నేల లొంగిరాలేదు. కుకరాచా వద్ద 1907లోను, ఆ తరువాత పలుమార్లు కొండచరియలు జారి పట్టాలను, బండ్లను, షవెళ్ళను కప్పివేశాయి. తవ్వినచోటనే మళ్ళీ మళ్ళీ తవ్వవలసి వచ్చింది. వ్యాధుల వల్ల, ప్రమాదాల వల్ల ఆ పదేళ్ళలో 5,609 మంది మరణించినట్లు అధికారిక లెక్క. వారిలో అత్యధికులు బార్బడోస్ తదితర వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చిన శ్రామికులు. పట్టాలు మోసిన భుజాలలో అధికభాగం వారివే.

ముక్కలు కలిసి గొలుసైన వైనం

యంత్రమే తన బాటను మోసుకొనిపోతే ఎలా ఉంటుందన్న ఆలోచన ఓటిస్ కంటె పాతది. బండితోపాటు కదిలే రైలుబాటకు రిచర్డ్ ఎడ్జ్‌వర్త్ 1770లోనే ఇంగ్లండులో పేటెంటు తీసుకొన్నాడు. 1846లో జేమ్స్ బాయ్‌డెల్ చక్రం చుట్టూ వెడల్పాటి పలకలను అమర్చాడు. చక్రం తిరిగినప్పుడు ఒక్కొక్క పలక వంతులవారీగా నేలపై పరచుకొని, చక్రం దాటగానే తిరిగి పైకి లేస్తుంది. నావ దుంగను మోసే కుర్రవాడి పనిని చక్రమే చేసిందన్నమాట. మరోవైపు ఫ్రాన్సులో 1870 దశకంలో పాల్ డెకావిల్ తన బురద పొలాలలోంచి బీటు దుంపలను తరలించలేక, ఉక్కు స్లీపర్లకు బిగించిన తేలికపాటి పట్టాల ముక్కలను తయారుచేశాడు. అవి తోటలకు, గనులకు, యుద్ధభూములకు కూడా పాకిపోయాయి.

చివరకు క్రాలర్ వచ్చింది. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర మెత్తని నేలలలో కూరుకుపోతున్న ట్రాక్టర్లకు బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో చక్రాల బదులు గొలుసు పలకలను తగిలించి పరీక్షించాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆ ఏర్పాటు షవెళ్ళకు కూడా వచ్చింది. పరికించి చూస్తే క్రాలర్ అనేది పాత పట్టాల ముక్కలనే వృత్తాకారంగా కలిపిన గొలుసు. వెనుకది ఎత్తి ముందు వేసే పని మనుషుల చేతులలోంచి స్ప్రాకెట్‌కు మారింది. ఇక 1913లో చికాగోలోని మోనిగన్ కంపెనీలో ఆస్కార్ మార్టిన్‌సన్ రూపొందించిన నడక విధానం డ్రాగ్‌లైన్లకు పాదాలు ఇచ్చింది. యంత్రం రెండు పాదుకల మీద తనను తాను లేపుకొని, వెనుకకు ఒక అడుగు జరిగి, తిరిగి తన గుండ్రని పీఠం మీద కూర్చొంటుంది. 24 ఘనమీటర్ల బకెట్, 96 మీటర్ల బూమ్ కలిగిన డ్రాగ్‌లైన్లు మన దేశపు బొగ్గు గనులలో నేటికీ ఇలాగే నడుస్తున్నాయి.

బరువు వేరు, ఒత్తిడి వేరు

జర్మనీలోని బాగర్ 288 అనే బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్ బరువు దాదాపు 13,500 టన్నులు. 2001లో దానిని హాంబాక్ గని నుంచి గార్జ్‌వైలర్ గనికి 22 కిలోమీటర్లు నడిపించారు. విడదీసి తిరిగి అమర్చడం కంటె అదే చౌక అని తేల్చారు. దారిలో ఒక మహారహదారి, ఒక రైలు మార్గం, ఎర్‌ఫ్ట్ నది అడ్డు వచ్చాయి. నదిలో పెద్ద ఉక్కు గొట్టాలు వేసి, నీటిని వాటిగుండా పోనిచ్చి, పైన రాళ్ళు, కంకర పరిచి బాట చేశారు. దాదాపు డెబ్బై మంది సిబ్బంది మూడు వారాలు శ్రమించారు.

ఇంత బరువు నేలలోకి దిగిపోకపోవడానికి కారణం ఒత్తిడి లెక్క. ఆ యంత్రానికి 3.8 మీటర్ల వెడల్పున్న క్రాలర్లు పన్నెండు. నేలమీద చదరపు సెంటీమీటరుకు పడే సగటు భారం సుమారు 1.7 కిలోలు మాత్రమే. 70 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒంటికాలిమీద పడే భారం చదరపు సెంటీమీటరుకు దాదాపు మూడోవంతు కిలో. అంటే మనిషికంటె దాదాపు రెండు లక్షల రెట్లు బరువైన యంత్రం నేలను అదిమేది ఐదురెట్లు మాత్రమే. బరువును పంచితే నేల భరిస్తుంది.

అయితే ఇది సగటు లెక్క అన్న మాట మరువరాదు. యంత్రం మలుపు తిరిగినప్పుడు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు భారమంతా ఒక అంచుమీదికి వస్తుంది. సగటును నమ్మి అంచును మరిచినవాడి గతి ఏమవుతుందో నా అనుభవమే చెబుతుంది.

నేను చేసిన పొరపాటు

1995 వర్షాకాలం. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్తవాడిని. ఒక ఉపరితల గనిలో సుమారు 350 టన్నుల విద్యుత్ షవెల్‌ను ఒక బెంచి నుంచి గనికి ఆవలి కొసకు తరలించే బాధ్యత నాకు అప్పగించారు. దూరం కిలోమీటరున్నర. దారిలో కొంతమేర నల్లరేగడి ఉన్నది. నాతోపాటు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వచ్చిన ఒక పెద్ద మేస్త్రి, ఆయన గ్యాంగు ఉన్నారు. యంత్రం ముందు గడ్డపారతో నేలను పొడుస్తూ నడవడం ఆయన అలవాటు. ఒకచోట ఆగి గడ్డపారను రెండుమూడుసార్లు దింపి చూశాడు.

"బాబూ, ఇక్కడ నేల డొల్లగా పలుకుతున్నాది. పాత కాలవేదో పూడ్చినట్టున్నారు. దుంగలు పరుసుకొని ఎల్దాం, పూటలో అయిపోద్ది" అన్నాడు.

నా చేతిలో డ్రాయింగు ఉంది. అందులో కాలువ లేదు. సాయంత్రం షిఫ్టుకు షవెల్ పని మొదలుపెట్టాలన్న తొందర కూడా ఉంది. "ఫర్వాలేదు మేస్త్రిగారూ, పోనివ్వండి" అన్నాను. ఆ నిర్ణయం పూర్తిగా నాదే.

ఇరవై అడుగులు పోయేసరికి ఎడమ క్రాలర్ కిందనున్న నేల మెల్లగా కుంగింది. యంత్రం ఒక పక్కకు ఒరిగింది. వెనుక హైటెన్షన్ కేబుల్‌ను సర్దుతున్న కార్మికుడు, కేబుల్ ఒక్కసారిగా బిగుసుకోవడంతో పక్కకు దూకి రాళ్ళమీద పడ్డాడు. చేయి విరిగింది. ప్రాణం దక్కింది. కేబుల్ తెగి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు నిద్ర పట్టదు.

షవెల్‌ను పైకి తీయడానికి మూడు రోజులు పట్టింది. పూట ఆదా చేయబోయి మూడు రోజులు పోగొట్టాను. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ కార్మికుడి భార్య నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నది. ఆ మర్యాద నాకు ఏ మెమో కంటెను బరువుగా తోచింది.

మేస్త్రి కూడా "నేను ముందే చెప్పాను" అనలేదు. పాత స్లీపర్లు కొన్ని ఇప్పించమని మాత్రం అడిగాడు. వాటిని ఆరేసి చొప్పున బోల్టులతో బిగించి, ఎత్తడానికి కొక్కేలు అమర్చి, ఎనిమిది పలకలు తయారు చేయించాడు. మెత్తని నేల వచ్చినచోట షవెల్ ముందు ఆ పలకలను పరిచి, దాటిన పలకను క్రేన్‌తో ఎత్తి ముందు వేయడం మొదలుపెట్టాం. ఆ ఎనిమిది పలకల మీదుగా మిగిలిన దూరమంతా షవెల్ చీమంత చప్పుడు చేయకుండా నడిచిపోయింది. ఇది ఎక్కడ నేర్చుకొన్నారని అడిగితే, ఆయన నవ్వి, "మా ఊళ్ళో నావలు ఇలాగే ఎక్కిత్తాం బాబూ" అన్నాడు.

ఆ తరువాత నా ఆధీనంలో జరిగిన ప్రతి తరలింపులోనూ ఒక నియమం పాటించాను. ముందు గడ్డపార నడవాలి, దాని వెనుక పలకలు, ఆ వెనుకే యంత్రం. గడ్డపార పట్టినవాడు వద్దంటే యంత్రం ఆగవలసిందే, అతడి జీతం ఎంతైనా సరే.

నేటి బాట

బాటను జరిపే పని నేటికీ ముగియలేదు. నైవేలి లిగ్నైట్ గనులలో బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్లు తవ్విన మట్టిని మోసే కన్వేయర్లు ఒకచోట స్థిరంగా ఉండవు. తవ్వే ముఖం జరిగినకొద్దీ అవీ జరగాలి. కన్వేయర్ వెంబడి అమర్చిన పట్టాను ప్రత్యేక పరికరం కలిగిన డోజర్ పట్టుకొని, కొద్దిగా ఎత్తి, అటూ ఇటూ తిరుగుతూ కొంచెం కొంచెంగా పక్కకు లాగుతుంది. పనామాలో బియర్డ్ చేసిన పనికి ఇది వారసత్వమే. అయినా లెవెలు చూసేవాడు, నేల తడి పరీక్షించేవాడు, కేబుల్ సర్దేవాడు మనిషే.

మన ఇళ్ళలో పిల్లలు గని చూడడానికి వచ్చినప్పుడు ఆ మహాయంత్రాన్ని చూసి అబ్బురపడతారు. అది సహజం. ఈసారి తీసుకొని వచ్చినప్పుడు యంత్రం ముందు, చేతిలో గడ్డపారతో వంగి నడుస్తున్న మనిషిని కూడా వారికి చూపించండి. "అదుగో, దారి వేస్తున్నది ఆయన" అని చెప్పండి. ఆ మనిషి మన కుటుంబాలలోని వాడే అయితే, ఆ మాట వినడానికి ఆ ఇంటికి కూడా హక్కు ఉంది.